ఊర్లో అడగొద్దన్న మనిషి

ఆ వేసవిలో కోరుట్లలో నలభై రెండు పెళ్లిళ్లకు నేను ముహూర్తాలు అచ్చేశాను. నలభై మూడో ముహూర్తం మా అమ్మ మోకాళ్లది. మే పన్నెండు, ఉదయం తొమ్మిది గంటలకు, కరీంనగర్‌లో. దానికి కార్డు వేయలేదు గానీ, వేసుంటే "రెండు కొత్త చిప్పల గృహప్రవేశానికి తామెల్లరూ విచ్చేసి" అని వేసేవాణ్ణి.

నా పేరు ప్రేమ్‌సాగర్. పేరులో సాగరం ఉంది గానీ ఇంట్లో నా మాట సాగదు. శుభలేఖల ప్రెస్సు నాది. అచ్చు పని నాకు బాగా అచ్చొచ్చింది. ప్రెస్సు ముందర, ఇల్లు వెనక, రెండింటికీ నడుమ ఒక గది. ఆ గది మా తమ్ముడు రమణది.

రమణకు నలభై ఒక్క ఏళ్లు. పుట్టినప్పుడు ఊపిరి అందలేదు. అప్పటి నుంచీ ఒంట్లో నరాలు వాడి మాట వినవు. చేతులొక వైపు పోతాయి, కాళ్లొక వైపు, మెడ దాని ఇష్టం. గొంతులోంచి మాట బయటపడేసరికి నలిగి నలిగి వస్తుంది, అలవాటున్న చెవికే అందుతుంది. బుద్ధి మాత్రం పాదరసం. నా శ్లేషలకు ఇంట్లో పరీక్షాధికారి వాడే. బాగుంటే మడమతో మంచం పట్టెను రెండుసార్లు కొడతాడు. బాగాలేకపోతే కళ్లు మూసుకుంటాడు. ఇన్నేళ్లలో వాడు నా దగ్గర ఎక్కువగా కళ్లు మూసుకునే గడిపాడు.

వాణ్ణి లేపడం, కడగడం, తినిపించడం, అన్నీ అమ్మే. మా అమ్మ లక్ష్మవ్వ వాణ్ణి మూడు కిలోలప్పుడు ఎత్తుకుంది, యాభై కిలోలప్పుడూ ఎత్తుకుంది. మధ్యలో ఒక్క రోజు దించలేదు. చివరికి మోకాళ్లు దిగిపోయాయి. ఆపరేషన్ తర్వాత బరువు ఎత్తకూడదన్నాడు డాక్టరు. అంటే రమణకు ఒక మనిషి కావాలి.

మార్చిలోనే జగిత్యాలలోని ఒక ఏజెన్సీ మనిషిని పంపింది. అతనితో పాటు లావుపాటి ఫైలు. మా ఆవిడ హేమలత తహసీలు కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటు. కాగితం కనబడితే ఆమెకు ఆకలి కూడా వేయదు. ఫైలంతా చదివి, జిరాక్సు తీసి, జిరాక్సుకు కూడా ఒక జిరాక్సు తీసి, "మనిషి క్లీన్" అని తేల్చింది. నిజమే, అతనికి ఆధార్ ఉంది. ఆధారమే లేదని తొమ్మిదో రోజున తెలిసింది.

పక్కింటి శ్రీమంతానికి వెళ్లిన అమ్మ, మోకాళ్లు సలుపుతున్నాయని గంట ముందే తిరిగొచ్చింది. రమణ రెండు చేతులూ తువ్వాలుతో మంచం పట్టెకు కట్టేసి ఉన్నాయి. ఆ మనిషి చెవుల్లో తీగలు పెట్టుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. "చేతులు ఆడిస్తే అన్నం కింద పడుతుందవ్వా, గందుకే" అన్నాడంట. రమణ రెండు రోజులుగా చెప్తూనే ఉన్నాడు. కొత్త మనిషి కదా, అలిగాడనుకున్నాం మేము. వాడి మణికట్టు మీద ఎర్రటి గీతలు చూసినప్పుడు నాకు ఒక్క శ్లేషా తట్టలేదు.

ఏజెన్సీ వాళ్లది నమ్మకం కాదు, అమ్మకం అని నేను తిట్టుకున్నది తర్వాత సంగతి. ఆ రోజు మాత్రం అమ్మ గడపలో కూర్చుని ఒక్క మాట అంది.

"ఇగ నేను ఆపరేషన్‌కు పోను బిడ్డా. నా మోకాళ్లు గిట్లనే ఉండనియ్. కడిగే చెయ్యి ఎసొంటిదో తెల్వకుంట వాన్ని ఇడిసి నేను దవాఖాన మంచం మీద పండుకోలేను."

అప్పటికే ఆమె గోడ పట్టుకుని నడుస్తోంది. ముహూర్తం మూడు నెలల కింద దొరికింది, తప్పితే మళ్లీ దసరా తర్వాతే.

*

మనిషిని ఎలా పరీక్షించాలన్న దాని మీద ఏప్రిల్ నెలంతా నాకూ హేమకూ యుద్ధం.

"సంబంధం అర్సుకున్నట్టు అర్సుకోవాలె" అన్నాను. "ఊరికి పోవాలె, హోటల్ల చాయ తాగాలె, కటింగ్ షాపుల కూసోవాలె. కాగితాలు ఏం చెప్తయి? మనుషులు చెప్తరు."

"మనమేమన్న పిల్లనిస్తున్నమా?"

"పిల్లనిస్తే కనీసం ఫోన్ చేసి ఏడుస్తది. రమణ ఏం చేస్తడు?"

హేమ లోపలికి వెళ్లింది. తర్వాత ఒక నోటుబుక్కు తెచ్చి గీతలు కొట్టింది. పోలీసు వెరిఫికేషన్ ఉండాలి. ఇంతకు ముందు పని చేసిన చోటు తెలిసిన మనిషితో మనమే మాట్లాడాలి, అది కూడా ముఖాముఖి. మొదటి పదిహేను రోజులు గది తలుపు తెరిచే ఉండాలి, మనలో ఒకరు ఇంట్లో ఉండాలి. "మీ చాయ తాగుడు గూడ రాస్తున్న" అంది, "ఆఖరుకు, పెన్సిల్‌తోని."

వచ్చినవాళ్లలో మొదటి అతను గుమ్మంలోనే "వైఫై ఉందా అన్నా?" అన్నాడు. 'వై' కూడా చెప్పకుండానే పంపేశాం. రెండో అతను తల్లిని వెంటబెట్టుకొచ్చాడు. మాటంతా ఆమెదే. "మా పిలగాడు నీళ్లు గూడ ముంచుకొని తాగడన్నా, గంత సుకుమారం" అని గొప్పగా చెప్పింది. ఆ సుకుమారుణ్ణి చూసుకోవడానికి ఇంకొకరిని పెట్టాలి.

మూడో మనిషి మహమూద్. ఇబ్రహీంపట్నం నుంచి వచ్చాడు. నలభై ఆరేళ్లుంటాయి. చెప్పులు గోడకు ఆనించి విప్పి, కూర్చోమనక ముందే "చేతులు కడుక్కునేది ఎక్కడ సాబ్?" అని అడిగాడు. హేమ నావైపు చూసింది. నేను హేమవైపు చూశాను. పెళ్లిచూపుల్లో అయితే ఆ చూపుకే తాంబూలాలు పుచ్చుకుంటారు.

"ఇంతకు ముందు ఏం చేసినవ్ భాయ్?"

"షార్జాల ఎనిమిదేండ్లు, సాబ్. ఒక ముసలాయనను చూసుకున్న. యాదిమరుపు రోగం ఆయనకు. లేపుడు, తానం పోసుడు, అన్ని నేనే. పోయినేడు ఆయన పోయిండు, నేను అచ్చేసిన."

"ఎవరినన్న అడగొచ్చా?"

"యాసర్ అని, గదే ఇంట్ల డ్రైవరు. ఇప్పుడు సిరిసిల్లల సాంచలు నడుపుతున్నడు. నంబరు రాసిస్త." రాసిచ్చాడు. తర్వాత నేల చూస్తూ అన్నాడు, "ఒక్క మాట సాబ్. సిరిసిల్లకు పోయి అడుగుండ్రి, పోలీసోళ్లను అడుగుండ్రి. మా ఊర్లె మాత్రం అడగకుండ్రి."

అతను సందు మలుపు తిరిగే దాకా ఆగి, "ఊర్లె అడగొద్దన్నోని గురించి ఊర్లెనే అడగాలె" అన్నాను. హేమ పెన్సిల్ గీత మీద పెన్నుతో దిద్దింది.

*

ఇబ్రహీంపట్నం దారి పొడుగునా వడ్లు ఆరబోసి ఉన్నాయి. నా బండి ముందు శుభలేఖల శాంపిళ్ల సంచి వేలాడుతోంది. అది ఇంటి దగ్గర దించి వెళ్లాలన్న బుద్ధి నాకు ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

ముత్తయ్య హోటల్లో చాయ చెప్పి, మెల్లగా కదిపాను. "గీ మహమూద్ భాయి మనిషి ఎసొంటోడు?"

ముత్తయ్య చాయ వడపోస్తూ నన్ను చూశాడు. బండి చూశాడు. సంచి చూశాడు. ముఖం పూరీలా పొంగింది.

"సమజైంది సారూ! ఆయన బిడ్డ కహకషాన్ కోసమే గద! ఎవలు పంపిండ్రు, కోరుట్లోళ్లా, మెట్‌పల్లోళ్లా?"

కాదని చెప్పాల్సింది. చెప్పలేదు. ఊరికే తెలిసే నిజాన్ని ఊరికే ఎందుకు వదులుకోవాలనుకున్నాను. కానీ నూరబద్ధాలాడైనా ఒక పెండ్లి చేయమన్న జనం మనం. సంబంధం అడగొచ్చిన వాడికి నిజం చెప్తే పాపం చుట్టుకుంటుంది. అది ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు.

"బంగారమసొంటి మనిషి" అన్నాడు ముత్తయ్య. "షార్జాల ఫోర్‌మెన్ చేసిండు. చేతికింద నలభై మంది!"

"నలభై ఏంది, అరవై" అన్నాడు పక్క బల్ల మీది నర్సన్న. అతను మహమూద్ పక్కింటాయన.

"బీడీ ముట్టడు."

"గట్టిగ మాట్లాడడు. వాళ్లింట్ల గిన్నె చప్పుడు గూడ మాకు ఇనబడదు."

చాయ సగమయ్యేసరికి చేతికింద నూట ఇరవై మంది చేరారు. రెండో చాయ చెప్పుంటే షార్జా మొత్తం చేతికిందికి వచ్చేది.

"మరి పానం బాగలేనోళ్లకు, ముసలోళ్లకు చేసే పని ఏమన్న చేసిండా?" అని అడిగాను.

ముత్తయ్య ముఖం పూరీ కాస్తా అణిగింది. "ఛీ! గసొంటి పని ఆయనెందుకు చేస్తడు సారూ? ఒకల మలం ఎత్తే గతి ఆయనకేం పట్టింది? మీవోళ్లకు గట్టిగ చెప్పుండ్రి, ఇజ్జత్ ఉన్న ఇల్లది."

విచారణకు వెళ్లిన వాణ్ణి విచారంతో తిరిగొచ్చాను. ఎనిమిదేళ్ల పని అని నాతో చెప్పిందంతా ఊరిలో లేనే లేదు. ఇంట్లో అడుగుపెట్టేసరికి అమ్మ రమణ నడుము కింద చేయి వేసి లేపుతోంది. లేపి, గోడకు చెయ్యి ఆనించి, ఊపిరి కోసం ఆగింది. ముహూర్తానికి ఇంకా ఆరు రోజులు.

"అబద్ధాలకోరు" అన్నాను హేమతో. "ఫోర్‌మెన్ అంట."

ఆమె నోటుబుక్కు తీసింది. "ఊరోళ్లు మీకు ఏమనుకొని చెప్పిండ్రు?"

"సంబంధం అనుకొని."

"అంటె మీరు అడిగింది కహకషాన్ నాయన గురించి. మన మనిషి గురించి ఎవలను అడగనే లేదు. సిరిసిల్లకు పోండ్రి."

పేరులో సాగరం ఉన్నా నా మాట సాగదని ముందే మనవి చేసుకున్నాను.

*

సిరిసిల్లలో యాసర్ పని చేసే షెడ్డులో పన్నెండు సాంచలు ఒక్కసారి నడుస్తున్నాయి. నేను ఊరందరిలోకీ పెద్ద గొంతున్నవాణ్ణి. ఆ మరమగ్గాల ముందు నా గొంతు దోమ. యాసర్ సన్నగా, చలాకీగా ఉన్నాడు. మగ్గం ఆపడు, తెగిన పోగు ముడేస్తూనే మాట్లాడతాడు.

"మహమూద్ భాయా? మంచోడు!" అని అరిచాడు.

ఆ మాట అప్పటికే ఇబ్రహీంపట్నంలో కడుపునిండా తిని ఉన్నాను. నాకు కావలసింది ఒక్కటే. రొమ్ము నిండా గాలి పీల్చి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"ముసలాయనను ఎప్పుడన్న కొట్టిండా?"

ఆ 'కొట్టిండా' దగ్గరే కరెంటు పోయింది. పన్నెండు సాంచలు ఆగిపోయాయి. నా అరుపు మాత్రం ఆగలేదు. షెడ్డు దాటి, వీధి దాటి, ఎదురింట్లో బియ్యం ఏరుకుంటున్న ఆడవాళ్ల దాకా పోయింది. వాళ్లు చేటలు దించి చూశారు.

"కరెంటు పోయిందన్నా" అన్నాడు యాసర్. "ఇగ మెల్లగ అడిగినా ఇనబడుతది."

ఇద్దరం షెడ్డు గుమ్మంలో కూర్చున్నాం. అతను చేతులకంటిన నూలు పీచు దులుపుకున్నాడు.

"కొట్టలే. కని ఒక్కపారి చెయ్యెత్తిండు."

నేను గుమ్మం మీదే ఇంకొంచెం దగ్గరికి జరిగాను.

"ముసలాయనకు ఏం యాదుండకపోయేది గద. కర్రతోని కొట్టేటోడు, ముఖం మీద ఉమ్మేటోడు. ఒకనాడు అన్నం పళ్లెం ఇసిరికొట్టిండు. మహమూద్ భాయికి కన్ను పైన పగిలింది. గప్పుడు చెయ్యెత్తిండు. నేను తలుపుల నిలబడి చూస్తనే ఉన్న. ఎత్తిన చెయ్యి గట్లనే పట్టుకొని బయటికి పోయిండు. ఎండల నిలబడ్డడు. షార్జా ఎండ అన్నా, మన ఎండ దాని ముంగట వెన్నెల! మల్ల లోపటికి పోయి, నేల మీది అన్నం ఎత్తి, వేరే అన్నం కలిపి తినిపిచ్చిండు."

"ఎవలికన్న చెప్పినవా నువ్వు?"

"నేనెందుకు చెప్త? ఆయననే చెప్పిండు. పొద్దుగూకినంక ముసలాయన బిడ్డ అస్తే, 'ఇయ్యాల మీ నాయన మీద చెయ్యెత్తిన, నన్ను పంపేస్తే పంపేయుండ్రి' అన్నడు. ఆమె పంపలే. గప్పటి నుంచి వారానికొక పూట సెలవిచ్చింది. 'అలిసిపోయిన చెయ్యే లేస్తది' అన్నది."

ఇబ్రహీంపట్నం అంతా కలిసి నాకు మచ్చలేని మనిషిని చూపించింది, నమ్మలేకపోయాను. యాసర్ ఒక మచ్చను వేలుపెట్టి చూపించాడు. ఈసారి నమ్మాను.

"మరి ఊర్లె ఫోర్‌మెన్ అంటున్నరేంది?"

యాసర్ పకపకా నవ్వాడు. "నేను మా గంభీరావుపేటల ఎవలనుకున్నరు? కార్ల కంపెనీ మేనేజర్ను! షార్జాల మన జిల్లోళ్లు ఎంతమంది ఉన్నరో గంతమంది మేనేజర్లే అన్నా. పని చేసేటోడు ఒక్కడు లేడు." నవ్వు ఆపి, గొంతు తగ్గించాడు. "ఆయనది వేరే. మలం ఎత్తిండని తెలిస్తే బిడ్డకు సంబంధం రాదని భయం. ఇంట్ల రషీదా వదినకు గూడ చెప్పలే. మీరు ఊర్లె అడగలే గద?"

"అడిగిన" అన్నాను. "సంబంధం అనుకున్నరు."

యాసర్ నన్ను కింది నుంచి మీదికి చూశాడు. "అచ్చా చేసినవ్ అన్నా" అన్నాడు. కరెంటు వచ్చింది. ఇంకేమన్నాడో సాంచలు మింగేశాయి. మంచి మాటైతే అయ్యుండదు.

*

మే తొమ్మిదిన మహమూద్ వచ్చాడు. ముందు నా తప్పు ఒప్పుకున్నాను. అతని ముఖం పాలిపోయింది.

"ఊర్లె ఏమన్నరు సాబ్?"

"ఫోర్‌మెన్ అన్నరు."

ఊపిరి వదిలాడు. ఆ వెంటనే సిగ్గుపడ్డాడు. "అబద్ధం నేను మీకు చెప్పలే, సాబ్. వాళ్లకు చెప్పిన."

"రాసుకున్న" అంది హేమ. "కని మీరు గూడ ఒకటి ఇనుండ్రి భాయ్. పోలీసు ఫారంల పని దగ్గర నేను ఫోర్‌మెన్ అని రాయ. సంరక్షకుడు అనే రాస్త."

అతను తలూపి రమణ గదిలోకి వెళ్లాడు. అందరిలా మంచం మీదికి వంగలేదు. నేల మీద కూర్చున్నాడు, రమణ మెడ తిప్పుకోకుండానే ముఖం కనబడేలా.

"రమణన్నా, నేను మహమూద్. నిన్ను లేపి కుర్చీల కూసోబెట్టాలె. ముట్టుకోవచ్చా?"

 నలభై ఒక్క ఏళ్లుగా వాణ్ణి ఎత్తాం, కడిగాం, ముద్దు చేశాం. ఆ ప్రశ్న మాత్రం ఎవరమూ వేయలేదు. రమణ కూడా ఇలాంటి ప్రశ్నకు జవాబు ఎక్కడుంటుందో వెతుక్కున్నట్టు కాసేపు పైకప్పు చూశాడు. తర్వాత ఏదో అన్నాడు.

నాకు తెలిసింది. చెప్పబోయాను. మహమూద్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగుండ్రి సాబ్. నన్ను ఇననియ్యుండ్రి. రమణన్నా, ఇంకోసారి చెప్పు."

రమణ రెండోసారి చెప్పాడు. మూడోసారి కూడా చెప్పాడు. విసుక్కోలేదు. మార్చిలో ఆ రెండు రోజులూ మేమిద్దరమూ అలా మూడుసార్లు అడిగుంటే బాగుండేది.

"ఎడమ చెయ్యి ముందుగాల పట్టుకోవద్దు అంటున్నడు" అన్నాడు మహమూద్ మెల్లగా. "మణికట్టు ఇంకా నొస్తదంట."

తలుపు దగ్గర నిలబడ్డ అమ్మ లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి అటక మీంచి దవాఖాన సంచి దించమని హేమను కేకేయడం వినబడింది.

*

ఆపరేషన్ బాగా జరిగింది. అమ్మ మా పిన్ని తోడుగా కరీంనగర్‌లో ఉన్న పది రోజుల్లో ఇక్కడ ఇల్లు తలకిందులైంది. మహమూద్ చక్రాల కుర్చీని ప్రెస్సులోకి తెచ్చేశాడు. "గోడను చూసి చూసి గోడకే బోర్ కొడుతది సాబ్, మనుషులను చూడనియ్యుండ్రి" అన్నాడు. రమణకు చదువు వచ్చు. చిన్నప్పటి నుంచీ మిగిలిపోయిన శుభలేఖలు చూపించి అమ్మే నేర్పింది. ప్రెస్సులో కూర్చున్న మూడో రోజు, ప్రూఫు వాడి కళ్ల ముందు పెడితే ఒకటే అరుపు. చూస్తే కార్డు మీద పెండ్లికొడుకు పేరు దగ్గర పెండ్లికూతురి తండ్రి పేరు పడి ఉంది. అచ్చైపోయుంటే ఆ పెళ్లి చరిత్రలో నిలిచేది, నా ప్రెస్సు నిలిచేది కాదు. ఆ రోజు నుంచీ ప్రూఫులు వాడివి. వాడు సరేనంటేనే మిషను తిరుగుతుంది. నా శ్లేషలకు కళ్లు మూసుకోవడం ఇప్పుడు గిరాకీల ముందరే జరుగుతోంది.

హేమ పదిహేను రోజులూ తలుపు తెరిచే ఉంచింది. ఆఫీసు నుంచి మధ్యాహ్నం చెప్పకుండా వచ్చేది. మూడోసారి వచ్చినప్పుడు మహమూదే అన్నాడు, "చెప్పకుంట అచ్చుడు మంచిదే బెహన్. ఆపకుండ్రి."

ఒక్కటే బాధ. మహమూద్ భార్య రషీదాబీ ఫోన్లు. నా సంచి మీద ప్రెస్సు పేరూ నంబరూ ఉంటాయి కదా, ముత్తయ్య చూసి చెప్పేశాడు. "భాయిసాబ్, మీవోళ్లు ఎప్పుడస్తరు? సున్నాలేయించినం" అనేది ఒక రోజు. "మా ఆయన మీ ప్రెస్సుల మేనేజరే గద, ఆయన చేతికే తారీఖు చెప్పి పంపుండ్రి" అనేది ఇంకో రోజు. ఇంట్లో ఫోర్‌మెన్ ఈసారి మేనేజరయ్యాడన్నమాట. నలుగురికి వినబడే గొంతున్న నేను ఆమె ఫోనొస్తే గుసగుసలాడేవాణ్ణి.

అమ్మ తిరిగొచ్చిన మర్నాడు, పొద్దున పది గంటలకు రషీదాబీనే వచ్చింది. బస్సు దిగి తిన్నగా ప్రెస్సుకు. ఎండకు ముఖం కందిపోయి ఉంది. చేతిలో మామిడికాయ తొక్కు డబ్బా. అది నా ముందు బల్ల మీద గట్టిగా పెట్టింది.

"ముందుగాల ఒకటి చెప్పుండ్రి. సంబంధం నిజమా?"

"కాదు వదినా. నాదే తప్పు."

"నిన్న కానిస్టేబుల్ ఇంటికచ్చి కాగితం మీద సంతకం అడిగినప్పుడే సమజైంది. మరి రెండోది చెప్పుండ్రి. గా కాగితం మీద రాసిన సంరక్షకుడు అంటే ఏం పని?"

పోలీసు వెరిఫికేషన్ అంటే ఇంటికి మనిషి వస్తాడని హేమ నాకు చెప్పలేదు. లేదా చెప్పింది, నేను వినలేదు. తెలుగులో ఏ మాటకైనా రెండర్థాలు చెప్పగల నాకు, ఆ ఒక్క మాటకు ఒక్క అర్థం చెప్పడానికి నోరు రాలేదు. అంతలో నడిమి గదిలోంచి రమణ ఎవరొచ్చారని అరిచాడు. ఆమె అటు నడిచింది. నేను వెనకాలే పరుగెత్తాను.

మహమూద్ రమణకు గడ్డం గీస్తున్నాడు. ఒక చేతిలో రేజరు, ఇంకో చేతి నిండా సబ్బు నురగ. భార్యను చూసి అలాగే నిలబడిపోయాడు. ఆమె అతన్ని ఏమీ అడగలేదు. రమణ వైపు తిరిగింది.

"అన్నా, గీయన ఇక్కడ ఏం పని చేస్తడు?"

రమణకు ప్రశ్న వేసేవాళ్లంటే అప్పటికే బాగా ఇష్టం పట్టుకుంది. మొదలుపెట్టాడు. మెడ ఊగింది, నురగ ఎగిరింది, మాట మీద మాట. ఆమెకు ఒక్క ముక్క అందలేదు. మొగుడి వైపు చూసింది.

"ఏమంటున్నడు?"

అబద్ధం చెప్పాలంటే అంతకన్న సులువైన క్షణం మహమూద్‌కు దొరకదు. ఆ మాటలకు తాళం అతని దగ్గరే ఉంది. నాకూ తెలుసు గానీ, అతనేమన్నా నేను కాదనేవాణ్ణి కాదు. అతను రేజరు పక్కన పెట్టాడు.

"పొద్దుగాల నన్ను లేపుతడు, అంటున్నడు."

రమణ ఇంకో మాట అన్నాడు.

"తానం పోస్తడు అంటున్నడు. దొడ్డికి పోతే కడుగుతడు అంటున్నడు. దుప్పటి పాడైతే ఏమనకుంట మారుస్తడు."

రషీదాబీ ఇంకో అడుగు ముందుకు వేసింది. "ఇంకా?"

"ముట్టుకునే ముందుగాల అడుగుతడు, అంటున్నడు."

రమణ ఇంకొకటి చెప్పాడు, ఈసారి పొడుగ్గా. మహమూద్ తల వంచుకున్నాడు.

"చెప్పు, ఏమన్నడు?"

"గది చెప్ప."

"ఎందుకు?"

"పొగుడుతున్నడు."

మలమూత్రాలన్నీ తడబడకుండా చెప్పినవాడు అక్కడ ఆగిపోయాడు. ఇక నేనే చెప్పాను. "మా అమ్మ చేతులు, గీయన చేతులు. ఇంకెవలివి మీద పడ్డా నాకు భయమైతది, అంటున్నడు వదినా."

ఆమె చాలాసేపు సబ్బంటిన ఆ చేతుల్ని చూసింది.

"షార్జాల గూడ గిదేనా? ఎనిమిదేండ్లు?"

"గిదే."

"ఫోర్‌మెన్ కాదు?"

"కాదు."

"మరి మా అమ్మ పక్షవాతమచ్చి రెండేండ్లు పడి ఉంటే, సెలవు మీద అచ్చి, కుర్చీల కూసోని, 'నాకేం తెల్వదు, గది ఆడోళ్ల పని' అన్నవు గద! ఎనిమిదేండ్ల పనోనివి, నన్నొక్కదాన్ని నడుము ఇరగ్గొట్టుకోనిస్తివా!"

 గుమ్మంలో కర్ర పట్టుకుని కొత్త మోకాళ్ల మీద నిలబడ్డ అమ్మ ముందు నవ్వింది. తర్వాత, అమ్మ కోసం సెలవు పెట్టి ఇంట్లో ఉన్న హేమ. రమణ రెండు మడమలతో మంచం పట్టె విరిగేలా కొట్టాడు. నలభై ఏళ్ల నా కష్టానికి ఎన్నడూ రాని మార్కులు ఆమెకు ఒక్క మాటతో వచ్చాయి. నాకు కొంచెం ఈర్ష్య కూడా కలిగింది. రషీదాబీ ఎంత బిగబట్టినా ఆమె పెదవి కూడా ఒక పక్కకు జారింది.

"నవ్వుతున్న గని మాఫ్ చెయ్యలే" అంది అతనితో, స్టూలు లాక్కుని కూర్చుంటూ. "సబ్బు ఎండుతున్నది, ముందుగాల ఆ అన్నకు గడ్డం గియ్."

అతను రేజరు తీసుకున్నాడు. రెండు గీతలు గీశాక, ఆమె వైపు చూడకుండానే అడిగాడు. "కహకషాన్‌కు ఎవలు చెప్తరు? నువ్వు చెప్తవా?"

"నేనెందుకు చెప్త? ఆదివారం తోలుకొస్త." ఆమె గడ్డంతో రమణను చూపించింది. "గా అన్ననే చెప్తడు."

ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. రమణ అప్పుడే గొంతు సవరించుకోవడం మొదలుపెట్టాడు.